లాభంతో మొదలైన లెక్క

మా ముత్తాత తండ్రి గంధంశెట్టి సన్యాసయ్య గారు. పొందూరు పంచెల మూట ఒకటి భుజాన వేసుకుని రైలెక్కి, దిగిన ఊరు రాయపూర్‌లోనే నిలదొక్కుకున్న మనిషి. ఆయన కొడుకు అప్పలనరసయ్య గారు, ఆ ఊళ్ళోని పండరీ పేట ఇంకా బట్టల బజారు కాకముందే అక్కడ మూడు వాకిళ్ళ కొట్టు పెట్టారు. ఆయన కొడుకు సూర్యనారాయణ గారు మా తాతగారు. ఈ మూడు తరాల్లో మావాళ్ళు కొలిచి ఇచ్చిన గుడ్డని రాయపూర్‌లో ఎవరూ ఇంటికెళ్ళి మళ్ళీ కొలిచి చూసుకోలేదు. చుట్టుపక్కల పల్లెల పెద్ద రైతులు పెళ్ళిబట్టలకి మా గుమ్మం ముందే బళ్ళు ఆపేవారు. ఒక మాట ఇక తిరుగులేనిది అని చెప్పాలంటే ఇక్కడి వర్తకులు "ఆంధ్రావాలే కీ నాప్ హై" అనేవారట. అది ఆంధ్రావాళ్ళ కొలత, ఇంక మాట్లాడకు అని. నాకు ఊహ తెలిసేసరికి ఆ మాట బజారులో వినిపించడం మానేసింది. మా ఇంట్లో మాత్రం మానలేదు. గొప్పకి చెప్పడం లేదు. ఇది చెప్పకపోతే తరవాతి సంగతి అర్థం కాదు.

పోయిన వానాకాలంలో మా సత్యం చిన్నాన్న రాయపూర్ శివార్లలో, మోవాలో తను అద్దెకుంటున్న గదిలో కన్నుమూశాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆయనకి నేనూ, నాకు ఆయనా తప్ప ఈ ఊళ్ళో మా ఇంటిపేరున్న వాళ్ళు లేరు. గది ఖాళీ చేస్తుంటే మంచం కింద ఒక రేకు పెట్టె దొరికింది. తెరవగానే కలరా ఉండల వాసన, దాని వెనకాల కోరా గుడ్డ గంజి వాసన వచ్చాయి. ఇరవై ఏళ్ళ కిందట మా ఇల్లంతా అదే వాసన. పెట్టె నిండా కొయ్య రీళ్ళు, కుట్టుదారం అయిపోయాక మిగిలేవి. వాటి అడుగున, పాత పంచె ముక్కలో చుట్టిన గళ్ళ కాగితం ఒకటి. దాన్ని ఆ రోజు నేను విప్పలేదు. విప్పాక తెలిసింది చివర చెబుతాను.

ఇరవై ఏళ్ళ కిందటంటే, కొత్త రాష్ట్రానికి రాయపూర్ రాజధాని అయిన తొలి రోజులు. ఊరంతా తవ్వుతున్నారు, కడుతున్నారు. మా కొట్టు అప్పటికే చేతులు మారి, దాని మీద మరొకరి బోర్డు ఎక్కింది. ఇల్లు మిగిలింది. మా నాన్న ధమ్తరీలో ఒకరి రైసు మిల్లులో గుమాస్తాగా చేరి అమ్మని వెంట తీసుకువెళ్ళాడు. ఆ ఉద్యోగం పేరు మా ఇంట్లో ఎత్తేవారు కాదు, "పెద్దవాడు పొరుగూరు వెళ్ళాడు" అనేవారు. నన్ను చదువు పేరు చెప్పి, చిన్నాన్న కూడా ఉన్న ఆ ఇంట్లోనే తాతగారి దగ్గర ఉంచారు. నాది ఆయన తల్లి పేరు, రాజ్యలక్ష్మి. తల్లి పేరు పెట్టి పిలవలేక, కోపంలో కూడా "అమ్మా" అనే అనేవారు నన్ను. పన్నెండేళ్ళ పిల్లకి ఆ గౌరవం బరువుగానే ఉండేది. వీధిలో ఆడుకోకూడదు, ఎవరింట్లోనూ తినకూడదు, ఎవరినీ ఇంటికి పిలవకూడదు. పిలిస్తే ఏ గిన్నెల్లో పెట్టాలన్నది సమస్య, వెండివి అప్పటికి లేవు. వెనక వాటాలో కరుణమ్మ గారని ఒక నర్సు ఉండేది. కాకినాడ వైపు క్రైస్తవులు. నెలనెలా అద్దె ఇచ్చేది. కానీ ఆమెని "మా ఇంట అతిథి" అనాలి, అద్దెకున్న మనిషి అనకూడదు. ఆమెకి ఆ సంగతి తెలుసు. "అతిథికి కుళాయిలో నీళ్ళు రావడం లేదని మీ తాతగారికి మనవి చెయ్యమ్మా" అని నాతో నవ్వకుండా చెప్పేది.

తాతగారు కొట్టు పోయినా కొట్టు వేళలు వదల్లేదు. పొద్దున్న తొమ్మిదింటికి ఇస్త్రీ పంచె కట్టి, ఇత్తడి గజంబద్ద చేత్తో పట్టుకుని ముందు చావడిలోకి వచ్చి, గోడవారన ఉన్న కుర్చీలో కూర్చునేవారు. మధ్యాహ్నం ఒంటిగంటకి చిన్నాన్న వంటింట్లో అన్నం వండి, దాన్ని క్యారియర్‌లో సర్ది, ఇరవై అడుగుల దూరంలో ఉన్న చావడికి మోసుకెళ్ళేవాడు. కొట్టుకి క్యారియర్ వెళ్ళాలి, అది ఆచారం. తాతగారు గిన్నెలు విప్పి, "ఈవేళ ఏం పంపారు ఇంటి నుంచి" అని అడిగేవారు. చిన్నాన్న తను వండిన కూర పేరే, ఎవరో వండినట్టు చెప్పేవాడు. సాయంత్రం ఏడింటికి ఆయన లేచి, గజంబద్దని పంచె చెంగుతో తుడిచి గోడకి తగిలించేవారు. అంతటితో ఆనాటి కొట్టు కట్టేసినట్టు. మళ్ళీ తెల్లారితే తొమ్మిది.

ఆ చావడి నేల గురించి చెప్పాలి. అప్పలనరసయ్య గారు పరిపించిన నలుపు తెలుపు రాళ్ళు, జానెడు జానెడు చదరాలు, ఈ చివరి నుంచి ఆ చివరికి ముప్పైకి పైగా వరసలు. ఒకప్పుడు వాటి మీద తానులు విప్పి పరిచేవారు. నా రోజుల్లో వాటి మీద పడేది కిటికీ ఎండ ఒక్కటే. ఎండ ఏ రాయి మీదకి వచ్చిందో చూసి టైము చెప్పడం నేర్చుకున్నాను. ఇంకేం ఉంది చెయ్యడానికి.

చిన్నాన్న లెక్కల్లో మంచివాడని మా ఇంట్లో అందరూ అనేవారు. సైన్సు కాలేజీలో రెండో ఏడు చదువుతుండగా కొట్టు గొడవలు వచ్చి మానేశాడు. ఒకనాడు పండరీ దగ్గర కొత్తగా పెట్టిన సైబర్ కేఫ్ నుంచి నాలుగు అచ్చు కాగితాలు తెచ్చి, చావడి నేల మీద కూర్చుని, కొట్టు నుంచి మిగిలిన ఖాళీ దారపు రీళ్ళ బుట్ట నా ముందు బోర్లించాడు.

"అమ్మడూ, ఇదొక ఆట. ఆడేవాళ్ళు ఉండరు, గెలిచేవాళ్ళు ఉండరు."

"మరి ఏముంటుంది?"

"చూడ్డం ఉంటుంది. ఇదిగో, ఒక్కో రాయి ఒక ఇల్లు. రీలు ఉంటే ఆ ఇంట్లో ప్రాణం ఉన్నట్టు. ఒక్కో ఇంటికి చుట్టూ ఎనిమిది ఇళ్ళు. ప్రాణం ఉన్న ఇంటికి ఇరుగుపొరుగున ఇద్దరో ముగ్గురో ఉంటే బతుకుతుంది. అంతకన్నా తక్కువైతే ఒంటరితనంతో పోతుంది. ఎక్కువైతే ఇరుకులో పోతుంది. ఖాళీ ఇంటి చుట్టూ సరిగ్గా ముగ్గురుంటే అక్కడ కొత్త ప్రాణం పుడుతుంది. అంతే, ఇంకో రూలు లేదు."

మూడు రీళ్ళు వరసగా నిలబెట్టాడు. రెండు చివరలవీ పోవాలి, నడిమిది ఉండాలి, దానికి పైనా కిందా కొత్తవి పుట్టాలి. అడ్డంగా ఉన్న వరస నిలువుగా మారింది. మళ్ళీ రూలు నడిపితే అడ్డంగా వచ్చింది. మళ్ళీ నిలువు. దానికి ఆ కాగితాల్లో ఏదో ఇంగ్లీషు పేరుంది. చిన్నాన్న పడుగూపేకా అని పేరు పెట్టాడు. అలా తిరిగి తిరిగి మొదటి రూపానికి వచ్చే బొమ్మలన్నిటినీ మేము మళ్ళింపులు అనేవాళ్ళం. చీర అంచులో ఒక బుటా అయ్యాక అదే బుటా మళ్ళీ మొదలవుతుంది చూడండి, ఆ చోటుని మా కొట్టులో మళ్ళింపు అనేవారు. రెండడుగుల్లో మళ్ళేవి ఉన్నాయి, మూడడుగుల్లో మళ్ళేది నాలుగు రేకుల పెద్ద పువ్వులా ఉంటుంది. పది రీళ్ళు వరసగా నిలబెట్టి వదిలేస్తే అది సాగి, ముడుచుకుని, పదిహేను అడుగులకి ఒకసారి తన్ను తాను దొరకబుచ్చుకుంటుంది.

చెయ్యడంలో ఒక పద్ధతి ఉండేది. ఒక రీలు తీసేసి ఇంకోటి లెక్కపెడితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే అన్నీ ఒకేసారి పోవాలి, ఒకేసారి పుట్టాలి. అందుకని పోబోయే రీళ్ళ నెత్తిన ఎర్ర గుడ్డపీలిక వేసేవాళ్ళం. పుట్టబోయే చోట చొక్కా గుండీ పెట్టేవాళ్ళం. చావడి అంతా రెండుసార్లు చూసుకున్నాక పీలికలున్న రీళ్ళు ఎత్తేసి, గుండీలున్న చోట రీళ్ళు నిలబెట్టేవాళ్ళం. అది ఒక అడుగు. పెద్ద బొమ్మయితే ఒక్క అడుగుకి గంట పట్టేది. బడి నుంచి వచ్చాక రెండడుగులు, ఆదివారమైతే ఆరు. రీళ్ళు రోజుల తరబడి అలాగే నిలబడి ఉండేవి. మేము గోడ వెంబడి నడిచేవాళ్ళం. కరుణమ్మ గారు డ్యూటీ నుంచి వచ్చి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వాటి మధ్య నుంచి దాటుతూ, "సత్యం గారూ, మా వార్డులో కూడా ఇలాగే అండి, పక్కన మనిషి లేకపోతే పేషెంటు నిలవడు. మీ ఆట కనిపెట్టినాయన ఆస్పత్రిలో పనిచేశాడా ఏంటి" అంది ఒకసారి.

తాతగారు నెల రోజులు ఇదంతా చూడనట్టే చూశారు. చివరికి ఒకనాడు, "సత్యం, ఆ రీళ్ళతో ఏటి చేస్తున్నావు" అన్నారు.

చిన్నాన్న చెప్పాడు. ఆ అచ్చు కాగితాల్లో ఒక పట్టీ ఉంది. ఎన్ని అడుగులకి మళ్ళే బొమ్మ ఎవరు కనిపెట్టారో, దానికి ఏ పేరు పెట్టారో అందులో రాసి ఉంది. పద్దెనిమిది దాకా అన్నీ నిండి ఉన్నాయి. పందొమ్మిది దగ్గర మొదటి ఖాళీ.

"కనిపెట్టినవాడి పేరే పెడతారా?"

"అతను ఏది పెడితే అది, నాన్నగారూ."

"ఇంటిపేరు పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు."

కొట్టు మీది బోర్డు దింపిన రోజు తాతగారు గడప దాటలేదని నాకు తరవాత తెలిసింది. ఇంటిపేరు పెట్టొచ్చని విన్న మర్నాడు కుర్చీ గోడ దగ్గర నుంచి చావడి నడిమికి జరిగింది. "మీరిద్దరూ పని చూడండి. లెక్క నేను పెడతాను" అన్నారు.

అప్పటి నుంచి ఆర్నెల్లు. నా చిన్నతనంలో ఆ ఇంట్లో ముగ్గురం ఒకే గదిలో ఒకే పని చేసింది ఆ ఆర్నెల్లే. చిన్నాన్న గళ్ళ కాగితం మీద రకరకాలుగా ప్రయత్నించేవాడు. మధ్యలో ఒక నిలకడలేని గుంపు, నాలుగు మూలలా కదలని దిమ్మలు కాపలా, దిమ్మంటే చదరంగా నిలబెట్టిన నాలుగు రీళ్ళు. గుంపు విరుచుకుపడి దిమ్మల్ని తాకి వెనక్కి తగ్గి, మళ్ళీ తన మొదటి రూపానికి రావాలి. ఎన్నో పాడయ్యాయి. దిమ్మ కూలిపోయేది, లేదా గుంపు అంతా చచ్చి ఒక్క దిమ్మ మిగిలేది. "ఛోడో, కల్ దేఖేంగే" అని చిన్నాన్న లేచేవాడు. తాతగారు మటుకు, "రేపెందుకు, ఇంకా ఏడు కాలేదు. కొట్టు తెరిచే ఉంది" అనేవారు. రెండు వర్షాల మధ్య ఒక ఆదివారం మొదలుపెట్టిన బొమ్మ మాత్రం పాడవలేదు. అడుగు పూర్తయినప్పుడల్లా తాతగారు గజంబద్దతో నేల మీద ఒకసారి తట్టి లెక్క పైకి చెప్పేవారు, జీవితమంతా గుడ్డ కొలిచిన గొంతుతో.

"లాభం... రెండు... మూడు..."

ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఏడు అనకూడదు, అందులో ఏడుపుంది, ఆరున్నొకటి అనాలి. లెక్క నడుస్తుండగా ఎవరూ మధ్యలో మాట్లాడకూడదు. ఇవి మా ఇంట్లో దేవుడి గదికున్నంత నియమాలు. తాతగారు మొదటి తట్టు తట్టింది, మేము బొమ్మ నిలబెట్టగానే. ఒక్క అడుగు కూడా వెయ్యకముందే. గజంబద్ద గుడ్డ మీద పెట్టగానే లాభం అనడం ఆయనకి అలవాటు. అక్కడ అది సరైనదే, మొదటి గజం గుడ్డ చేతిలో ఉంటుంది. ఇక్కడ చేతిలో ఏమీ లేదు. నిలబెట్టిన బొమ్మ సున్నా. ఆ సంగతి నాకు మూడో అడుగుకే తెలిసింది. పెదవి కదపకుండా నాలోపల వేరే లెక్క నడుపుకున్నాను. ఆయన ఆరున్నొకటి అంటే నాకు ఆరు. ఆయన పన్నెండు అంటే నాకు పదకొండు.

అంత పెద్ద బొమ్మకి రోజుకి రెండడుగులు కూడా పడక, పదకొండు రోజులు పట్టింది. చివరి అడుగులో ఎర్రపీలికలు ఎత్తేసి, గుండీల చోట రీళ్ళు పెట్టి, చిన్నాన్న లేచి నిలబడి కాగితంతో సరిచూశాడు. మొదట నిలబెట్టిన బొమ్మే, ఒక్క రీలు తేడా లేదు. తాతగారు తట్టారు.

"పందొమ్మిది."

నాకు పద్దెనిమిది. పట్టీలో పద్దెనిమిది నిండి ఉంది. నేను నోరు తెరవాలి. తెరిస్తే లెక్క తప్పని ఆయనకి చెప్పినట్టు అవుతుంది, ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పని మాట. అది ఒక కారణం. అసలు కారణం వేరు, ఇన్నేళ్ళకి రాస్తున్నాను. చెప్పిన మరుక్షణం కుర్చీ మళ్ళీ గోడ దగ్గరికి పోతుంది, చిన్నాన్న వంటింట్లోకి పోతాడు, నాకు కిటికీ ఎండ మిగులుతుంది. నేను ఊరుకున్నాను.

చిన్నాన్న ఆ రాత్రికి రాత్రే కాకుండా మూడు రోజులు తీరిగ్గా కూర్చుని, పెద్ద గళ్ళ కాగితం మీద ప్రతి అడుగూ సిరాతో గీశాడు. ప్రతి బొమ్మ కింద తాతగారి లెక్కే రాశాడు, లాభం నుంచి పందొమ్మిది దాకా. తాతగారు బీరువాలో నుంచి కొట్టు రబ్బరు స్టాంపు తీయించి, కాగితం అడుగున వేసి, పక్కన సంతకం పెట్టారు. ఆ స్టాంపు వేయడం అదే ఆఖరు. చిన్నాన్న సైబర్ కేఫ్‌లో ఆ బొమ్మని చుక్కలూ సున్నాలుగా టైపు చేసి, పట్టీ నడిపేవాళ్ళకి పంపాడు. నేను పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. తాతగారు ఆ వారంలో కరుణమ్మ గారిని రెండుసార్లు పిలిచి, "మీ ఇంగ్లీషులో గంధంశెట్టి ఎలా రాస్తారు, ఎన్ని అక్షరాలు వస్తాయి" అని అడిగారు. ఆమె తన డ్యూటీ కాగితం వెనక రాసి చూపించింది. ఆయన ఆ ముక్కని జేబులో పెట్టుకున్నారు.

జవాబు తొందరగానే వచ్చింది. మర్యాదగానే రాశారు. బొమ్మ బాగుంది, కానీ ఇది మళ్ళేది పద్దెనిమిదికి, ఇలాంటిది మా దగ్గర ఇంతకు ముందే ఉంది, మొదటిదాన్ని లెక్కలో కలిపినట్టున్నారు. చిన్నాన్న తెర మీద అది రెండుసార్లు చదివి, కుర్చీ వెనక్కి జరిపి, "చలో అమ్మడూ" అన్నాడు. పండరీలో బట్టల మూటల రిక్షాలు అడ్డం వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు, దాటాక వదిలేశాడు.

ఇంటికి వచ్చి తాతగారి ఎదురుగా నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"వాళ్ళు లాభం లెక్కలో పెట్టరా?" అన్నారు తాతగారు.

"పెట్టరు నాన్నగారూ. సున్నాతో మొదలుపెడతారు."

"సున్నాతో మొదలుపెట్టేవాడిది ఏం వ్యాపారం."

నా వైపు తిరిగారు. "అమ్మా, నువ్వు బడిలో చదువుకుంటున్నావు. మొదటిది లెక్కా, కాదా?"

చిన్నాన్న నన్నే చూస్తున్నాడు. "లెక్కే తాతగారూ" అన్నాను. ఆయన తలూపారు. జేబులోంచి కరుణమ్మ గారి కాగితం తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నారు. ఆ సాయంత్రం ఏడింటికి కాక అయిదింటికే లేచి గజంబద్ద గోడకి తగిలించారు. మర్నాడు తొమ్మిదింటికి చావడిలోకి రాలేదు. రీళ్ళు ఎత్తమని ఎవరూ అనలేదు. చాలా రోజులకి నేనే ఎత్తి బుట్టలో పోశాను. ఆ చలికాలం దాటకుండానే ఆయన పోయారు. చిన్నాన్న ఒక ఇనుము వ్యాపారి ఆఫీసులో చేరి మోవాకి మారాడు. నన్ను ధమ్తరీకి పంపించారు.

ఇప్పుడు నేను కొత్త రాయపూర్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తాను. నిటారుగా కూర్చుంటానని, క్యాంటీన్‌లో ఎవరితోనూ కలవనని నా గురించి అనుకుంటారు, నాకు తెలుసు. పెట్టెలో దొరికిన కాగితాన్ని ఒక ఆదివారం విప్పి, ఆ బొమ్మని కంప్యూటర్‌లో ఎక్కించాను. పదకొండు రోజుల పని రెప్పపాటులో అయిపోయింది. ఆపకపోతే అలా మళ్ళుతూనే ఉంటుంది, పద్దెనిమిదికి ఒకసారి. తట్టేవాళ్ళు లేరు, లెక్క చెప్పేవాళ్ళు లేరు. పందొమ్మిది కూడా ఈ మధ్యే ఎవరికో దొరికిందట. పట్టీలో ఇప్పుడు ఖాళీ ఒక్కటీ లేదు. చూడ్డానికి ఎంత బాగుందో చెప్పుకోవడానికి మాత్రం పక్కన మనిషి ఉండాలి.

తరవాత కాగితం మడవబోతూ కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను. సిరాతో రాసిన ప్రతి అంకె కింద పెన్సిల్ అంకెలు, రబ్బరుతో తుడిచినవి, కాగితం మీద గాడి పడి ఇంకా కనిపిస్తున్నాయి. లాభం కింద సున్నా. రెండు కింద ఒకటి. ఆరున్నొకటి కింద ఆరు. చివరి బొమ్మ కింద, పందొమ్మిది అన్న సిరా అక్షరాల అడుగున, చిన్నాన్న చేతి పద్దెనిమిది. దాని మీదుగా కొట్టు స్టాంపు. పెన్సిల్ ముందు, సిరా తరవాత, స్టాంపు ఆఖరు. అంటే పంపకముందే చిన్నాన్నకీ తెలుసు. తండ్రి కొలతని తను సరిదిద్దలేక, బయటివాళ్ళ చేత చెప్పించాడో, లేక నాలాగే ఆ కుర్చీ నడిమిలోనే ఉండాలని మూడు రోజులు ఎక్కువ గీశాడో అడుగుదామన్నా, అడగగలిగిన రోజుల్లో నాకు ఈ కాగితం సంగతి తెలీదు. ఒకే నేల మీద, రెండడుగుల దూరంలో మోకాళ్ళ మీద కూర్చుని, ఇద్దరం ఒకే అంకెని ఒకరికి తెలీకుండా ఒకరం దాచుకున్నాం.

తాతగారు పోయిన మరుసటి వేసవిలో ఇల్లు అమ్మేశాం. చావడి రాళ్ళు పీకించి, బిలాస్‌పూర్ రోడ్డు మీద కొత్తగా కట్టిన ఒక పెళ్ళి మంటపం వాళ్ళు పట్టుకెళ్ళారు. ఇత్తడి గజంబద్దని పాత సామాను కొనేవాడు తూకానికి తీసుకున్నాడు.